పదిహేనేళ్ల స్ప్లెండర్ కొనేముందు: ఇంజన్ సంగతి తర్వాత, ముందు చక్రాల దగ్గర కూర్చో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాపట్ల దగ్గర పల్లెలో ఒకాయన దగ్గర 2011 మొదట్లో రిజిస్టరైన హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ ఉంది. మీటర్ 61 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. 20 వేలు అడుగుతున్నాడు. ఊళ్లో మెకానిక్ శబ్దం విని "ఇంజన్ సూపర్, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. మీ తమ్ముడు కాలేజీకి పోనూ రానూ రోజుకి 44 కిలోమీటర్లు దాని మీదే తిరగాలి. ఇంత పాత బండిలో ఏవేవి అరిగిపోయి ఉంటాయి, ఏవి చూసుకుని కొనాలి అని అడిగావు. ఇంకో పదివేలు కలిపి పాత పల్సర్ తీసుకోమని మీ స్నేహితుడు అంటున్నాడని కూడా రాశావు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను తెనాల్లో షాపు పెట్టి 23 ఏళ్లయింది. అంతకుముందు నాలుగేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా ఎక్కింది ఒకటే. ఇంజన్ పాడైతే బండి ఆగిపోతుంది, మనిషి దిగి తోసుకుంటూ ఇంటికొస్తాడు. చక్రం దగ్గరో, బ్రేకు దగ్గరో, హ్యాండిల్ దగ్గరో ఏదన్నా ఊడితే మాత్రం మనిషి ఇంటికి రాడు. అయినా బండి కొనడానికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ కిక్కు కొట్టి, రేజ్ చేసి, చెవి పెట్టి విని బేరంలోకి దిగుతారు. మనిషిని పడేసే భాగాలు ఇంజన్‌లా శబ్దం చెయ్యవు. వాటిని వంగి, కూర్చుని, చేత్తో ఊపి చూడాలి. మీ మెకానిక్ చెప్పింది నిజమే కావచ్చు, ఆ ఇంజన్ నిజంగానే బాగుండొచ్చు. నువ్వు అడగాల్సింది మాత్రం మిగతా బండి గురించి.

ఆదివారం వెళ్తానన్నావు. వెళ్లగానే కిక్కు కొట్టకు. ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే నువ్వు వచ్చేముందే తిప్పి పెట్టారని అర్థం. చల్లారాక చూస్తానని చెప్పి కూర్చో. ఆ గంటలో నీకు చెయ్యాల్సిన పని బోలెడుంది.

బండి డబల్ స్టాండ్ వేయించు. వెనక చక్రానికి కుడి పక్క నేల మీద కూర్చో. బ్రేక్ డ్రమ్ము మూత నుంచి ముందుకి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చట్రం) దాకా ఒక ఇనుప పట్టీ పోతూ కనిపిస్తుంది. మేం దాన్ని టార్క్ రాడ్ అంటాం. బ్రేకు తొక్కినప్పుడు చక్రంతో పాటు ఆ మూత కూడా తిరిగిపోకుండా ఆపేది ఆ పట్టీయే. దాన్ని మూతకి బిగించిన బోల్టు చివర నట్టు ఉంటుంది, నట్టు ఊడకుండా బోల్టు కన్నంలోంచి ఒక స్ప్లిట్ పిన్ను వెయ్యాలి. చిన్న పిన్ను, రెండు మూడు రూపాయలు. పంక్చర్ వేసిన ప్రతిసారీ చక్రం విప్పుతారు, విప్పినప్పుడు ఆ పిన్ను వంగి విరుగుతుంది, కొత్తది వెయ్యడానికి ఎవరికీ తీరిక ఉండదు. పదిహేనేళ్ల బండికి ఎన్ని పంక్చర్లు పడి ఉంటాయో ఆలోచించు.

చాలా ఏళ్ల కిందట పాలు పోసే ఒకాయన రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని షాపుకి వచ్చాడు. వెనక బ్రేకు తొక్కినప్పుడల్లా 'కటక్' మంటోంది, డ్రమ్ములో రాసుకునే లైనర్లు మార్చమన్నాడు. నేను కూర్చుని చూస్తే టార్క్ రాడ్ నట్టు బోల్టు చివరి రెండు చుట్ల మీద వేలాడుతోంది. పిన్ను ఉండాల్సిన కన్నంలో టెలిఫోన్ వైరు ముక్క మెలిపెట్టి ఉంది, అదీ సగం తెగింది. ఆ నట్టు ఆ సాయంత్రం ఊడిపోయి ఉంటే, బ్రేకు తొక్కిన మరుక్షణం మూత గిర్రున తిరిగి, బ్రేక్ రాడ్ మెలిపడి చక్రం బిగుసుకుపోయేది. అవతల పక్క కాలవ. వేలితో ఆ నట్టు తిప్పి చూపించాను. ఆయన ఏమీ అనలేదు, అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు నేను మార్చింది ఒక్క నట్టు, ఒక్క పిన్ను. అందుకే నువ్వు కూడా అన్నిటికంటే ముందు దాన్నే చూడు. నట్టు ఉందా, పిన్ను ఉందా, పిన్ను కాళ్లు రెండూ విడదీసి వంచి ఉన్నాయా. వైరు, మేకు, సైకిల్ స్పోకు లాంటివి కనిపిస్తే ఆ బండిని ఎలా చూసుకున్నారో నీకు తెలిసిపోయినట్టే. ముందు చక్రానికి ఈ పట్టీ ఉండదు, బ్రేక్ మూతలో ఉన్న గాడిలో ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్లు) మీది ముక్కు కూర్చుంటుంది. అది సరిగ్గా కూర్చుందో లేదో కూడా వంగి చూడు.

అక్కడే ఉన్నావు కాబట్టి బ్రేకు కూడా చూసెయ్. స్ప్లెండర్ బ్రేక్ మూత మీద చిన్న బాణం గుర్తు, దాని పక్కన గీత ఉంటాయి. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు బాణం గీతని చేరితే షూలు, అంటే డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు, అయిపోయినట్టు. ఇక్కడ ఒక కిటుకు నడుస్తుంది, అది తెలుసుకో. షూలు అరిగిపోయి నట్టు బిగించడానికి ఇంక చోటు లేనప్పుడు, కొత్తవి వెయ్యకుండా బ్రేక్ ఆర్మ్‌ని విప్పి, క్యామ్ (షూలని విడదీసి డ్రమ్ముకి ఆనించే కడ్డీ) పళ్ల మీద ఒకటి రెండు పళ్లు వెనక్కి తిప్పి బిగిస్తారు. బ్రేకు మళ్లీ పట్టినట్టే ఉంటుంది. కానీ లోపల క్యామ్ తిరగాల్సినదానికంటే ఎక్కువ తిరిగి, ఒక్కోసారి అడ్డంగా నిలబడి వెనక్కి రాదు. చక్రం పట్టేస్తుంది. క్యామ్ చివర, ఆర్మ్ మీద చెరో చుక్క గుర్తు ఉంటుంది, రెండూ ఎదురెదురుగా ఉండాలి. మట్టి పట్టి ఉంటే పాత టూత్ బ్రష్‌తో తుడిచి చూడు. చుక్కలు తప్పి ఉంటే లోపల షూలు లేనట్టే లెక్క.

బ్రేకు తొక్కి వదిలాక ఆర్మ్ టక్కున వెనక్కి రావాలి. మెల్లగా, బద్ధకంగా వస్తే క్యామ్ ఎండిపోయింది. నీళ్లు కొట్టి కడగడమే సర్వీసింగ్ అనుకునే చోట ఇది మామూలే. ఆ ప్రెషర్ నీళ్లు క్యామ్ దగ్గర గ్రీజుని, బేరింగుల్లో గ్రీజుని తోసేస్తాయి, మళ్లీ ఎవరూ పెట్టరు.

షూల గురించి నా తప్పొకటి చెప్పాలి. నేను షాపు పెట్టిన కొత్తల్లో మా బావగారి బండికి చవకరకం షూలు వేశాను. పెట్టె చూడ్డానికి అసలుదానిలాగే ఉంది, ధర సగం. ఎనిమిది నెలలకి ఆ షూ మీది లైనింగ్ అతుకు ఊడి, పలక మొత్తం డ్రమ్ములో అడ్డం పడింది. చక్రం ఆగిపోయింది, బావగారికి మెడ కింద ఎముక విరిగింది. బండి విప్పితే ఆ పలక చెక్కు చెదరకుండా ఉంది, వెనక జిగురు మాత్రం పొడిపొడిగా రాలింది. ఇప్పటికీ నా షాపులో బ్రేక్ షూ వేసేముందు లైనింగ్ అంచుని స్క్రూడ్రైవర్‌తో తట్టి చూస్తాను. నువ్వు కొన్నాక డ్రమ్ములు రెండూ విప్పించు. బాగున్నట్టు కనిపించినా షూలు మార్పించెయ్, అవి ఎప్పటివో, ఎవరివో నీకు తెలియదు. విప్పినప్పుడు ఆ దుమ్ముని నోటితో ఊదనివ్వకు. తడిగుడ్డతో తుడవమను. పాతరకం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇప్పుడు వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపు. చక్రం ఒక్కటే కదిలితే బేరింగులు పోయాయి. చక్రంతో పాటు స్వింగ్ ఆర్మ్ మొత్తం కదులుతూ, ఇంజన్ వెనక దాని మొదట్లో 'టక్ టక్' మని తెలిస్తే స్వింగ్ ఆర్మ్ బుష్షులు పోయాయి. పాత బండిలో దీనంత నిర్లక్ష్యానికి గురైన భాగం నేనింకోటి చూడలేదు. పైకి కనిపించదు, నడిపేటప్పుడు శబ్దం రాదు, మైలేజీ తగ్గదు. నడిపేవాడికి మాత్రం మలుపులో వెనక భాగం ఎటో జారినట్టు, లారీ దాటినప్పుడు బండి తూలినట్టు ఉంటుంది. "టైర్లో గాలి తక్కువుందేమో" అనుకుని గాలి కొట్టించుకుంటాడు.

బుష్షు ఖరీదు తక్కువే. కష్టమల్లా ఆ పొడవాటి బోల్టు బయటికి తియ్యడంలో ఉంది. మీ వైపు సూర్యలంక సముద్రపు గాలి, ఉప్పు తేమ. అక్కడ తిరిగిన బండ్లలో ఆ బోల్టు లోపలే తుప్పు పట్టి బుష్షుతో కలిసి ఒకటైపోతుంది. పోయిన వేసవిలో ఒక బండికి పొద్దున్న మొదలుపెట్టి కిరసనాయిలు పోసి, వేడి చేసి, సుత్తితో కొట్టి సాయంత్రానికి తీశాం. బయటికి వచ్చిన బోల్టు మధ్యలో ఎలక కొరికినట్టు సగం మందమే మిగిలింది. ఆ కుర్రాడు దాని మీద ఇద్దర్ని ఎక్కించుకుని తిరుగుతున్నాడు. బండి కొన్నాక మొదటి నెలలోనే ఈ బోల్టు విప్పించి, బాగుంటే గ్రీజు రాసి, లేకపోతే కొత్తది వేయించు.

బేరింగుల దగ్గర ఇంకో మాట. రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ముక్క ఉంటుంది, స్పేసర్ అంటారు. హడావుడిగా బేరింగు మార్చినవాడు దాన్ని పారేసి బిగించేస్తే, యాక్సిల్ బిగించిన కొద్దీ బేరింగు పక్కకి నలిగి నెలల్లోనే పోతుంది. "ఈ బండికి బేరింగులు ఆగట్లేదు" అని ఎవరైనా అంటే నేను మొదట ఆ గొట్టం కోసమే చూస్తాను.

ఎడమ పక్కకి రా. చైన్ కవర్‌లో ఉన్న రబ్బరు మూత తీసి చూడు. కవర్ విప్పనిస్తే ఇంకా మంచిది. వెనక స్ప్రాకెట్‌కి, అంటే చైన్ తిరిగే పళ్ల చక్రానికి, బాగా వెనక, మధ్యలో, చైన్‌ని వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగు. పన్ను సగం పైగా బయటికి కనిపిస్తే చైన్ సాగిపోయింది. పళ్లు సూదిగా, ఒక పక్కకి కొక్కెంలా వంగి ఉంటే స్ప్రాకెట్ కూడా పోయింది. చైన్ ఒక్కటే మార్చుకుంటానని అనుకోకు, అరిగిన పళ్లు కొత్త చైన్‌ని కొన్నాళ్లలోనే తినేస్తాయి. సెట్టు మొత్తం వెయ్యాల్సిందే. చైన్ లింకు క్లిప్పు మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకి ఉందో లేదో చూడు. తిరగేసి పెట్టిన క్లిప్పు ఎప్పుడో ఒకప్పుడు ఎగిరిపోతుంది. తర్వాత చైన్ కదలకుండా, చక్రాన్ని ముందుకీ వెనక్కీ అటూ ఇటూ తిప్పు. స్ప్రాకెట్ ఆగి ఉన్నా చక్రం బాగా ఆడుతుంటే హబ్బులో రబ్బర్లు నలిగిపోయాయి. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు బండి కుదుపుతోందంటే కారణం చాలాసార్లు ఈ రబ్బర్లే, జనం మాత్రం క్లచ్ ప్లేట్లు మార్పిస్తారు.

టైర్లు. గీతలు బాగా ఉన్నాయని మురిసిపోకు. పల్లెల్లో తక్కువ తిరిగిన బండికి గీతలు అరగవు, రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి. 2714 అని ఉంటే 2014లో 27వ వారం తయారైందని. అలాంటి టైరు గీతలు నిండుగా ఉన్నా గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టదు. గోరు గుచ్చి చూడు, వంచి పక్కన పగుళ్లు చూడు. స్పోకుల్ని స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కొక్కటిగా మీటుతూ పో. అన్నీ ఇంచుమించు ఒకేలా మోగాలి, 'దబ్' మన్నది వదులైంది. రిమ్ముకి స్పోకులు దిగే చోట తుప్పు పొక్కులుంటే లోపల, ట్యూబు కింద, ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు ముందు వైపు. ఎవర్నైనా వెనక సీటు చివర కూర్చోమని ముందు చక్రం గాల్లోకి లేపించు. హ్యాండిల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి చాలా మెల్లగా తిప్పు. సరిగ్గా మధ్యలోకి వచ్చేసరికి గుంతలో పడినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలో ఉండే బేరింగు, పోయింది. అందులోని ఇనుప గుళ్లు గ్రీజు లేక, గతుకుల దెబ్బలకి కప్పుల్లో గుంటలు చేశాయి. బండి ఎక్కువసేపు నడిచేది తిన్నగానే కదా, అందుకే గుంట మధ్యలోనే పడుతుంది. దీంతో బండి తిన్నగా పోదు, నెమ్మదిగా పోయేటప్పుడు అటూ ఇటూ కొట్టుకుంటుంది. పై నట్టు బిగించేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే ఒప్పుకోకు. బిగిస్తే గుంట పోదు, హ్యాండిల్ ఇంకా మొండికేస్తుంది. కింద చక్రం దగ్గర ఫోర్కులు రెండూ పట్టుకుని ముందుకీ వెనక్కీ కుదుపు, ఆట ఉంటే అది కూడా కోన్ సెట్టే. ఫోర్కు కడ్డీల మీద నూనె చారలుంటే సీల్స్ పోయాయి. ఆ నూనె జారి ముందు బ్రేకు డ్రమ్ములోకి పోతే బ్రేకు పట్టదు. ఫోర్కుల్లో నూనె మార్చాలన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. పదిహేనేళ్ల నాటి నూనెని బయటికి తీస్తే బురదనీళ్లలాగా కంపు కొడుతూ వస్తుంది.

హ్యాండిల్ మెడ దగ్గర, ట్యాంకు ముందు భాగం కింద, చాసిస్ మీద పెయింటు ముడతలు పడిందా, వెల్డింగ్ కనిపిస్తోందా చూడు. చాసిస్ నంబరు కూడా అక్కడే ఉంటుంది, ఆర్సీతో అంకె అంకె సరిచూసుకో. అనుమానమొస్తే ఒక పొడవాటి దారం తీసుకుని వెనక టైరు పక్కన ఆనించి ముందు టైరు దాకా లాగు, రెండో పక్కా అంతే చెయ్యి. హ్యాండిల్ తిన్నగా పెట్టినా ముందు టైరు ఒక దారానికి దగ్గరగా, ఇంకోదానికి దూరంగా ఉంటే వెనక చైన్ అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా ఒకేచోట ఉన్నాయేమో చూడు. అవి సరిగ్గానే ఉండి తేడా కనిపిస్తోందంటే బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. వంగిన చాసిస్ ఉన్న బండిని ఎంత తక్కువకి ఇచ్చినా కొనకు. నేను ఈ చెప్పినవాటిలో బేరానికి లొంగనిది ఇదొక్కటే.

విజయవాడలో తిరిగిన బండి అయితే ఇంకో పరీక్ష ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా, ఎన్ని బండ్లు మునిగాయో కళ్లారా చూశాం. వాటిలో చాలావాటిని కడిగి, ఆయిల్ మార్చి, పాలిష్ చేసి అమ్మేశారు. సీటు విప్పించి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక, హెడ్‌లైట్ లోపల, స్పీడోమీటర్ అద్దం అంచున సన్నటి ఒండ్రుమట్టి గీత ఉందేమో టార్చితో చూడు. పైన ఎంత తుడిచినా ఆ మూలల్లోకి గుడ్డ పోదు. అలాంటి బండికి వైరింగు జాయింట్లు పచ్చగా చిలుము పట్టి, ఒక్కో నెల ఒక్కోటి తెగుతాయి.

వైరింగు అన్నాక ఫ్యూజు చూడకుండా రాకు. బ్యాటరీ దగ్గర చిన్న డబ్బాలో ఉంటుంది. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి పోగో, సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితమో చుట్టి ఉంటే ఎక్కడో షార్ట్ అవుతోంది, దాన్ని వెతకడం చేతకాక అలా చేశారు. ఎక్కువసార్లు ఆ షార్ట్ హ్యాండిల్ మెడ దగ్గరే ఉంటుంది, తిప్పి తిప్పి అక్కడ వైరు తోలు ఊడుతుంది. పైనే పెట్రోల్ ట్యాంకు.

సరే, ఇంజన్ ఈపాటికి చల్లబడి ఉంటుంది. కిక్కు కొట్టు. మొదట కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ ముదిరాయి, పెద్ద ఖర్చు కాదు. వేడెక్కాక కూడా రేజ్ చేసినప్పుడల్లా నీలం పొగ ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగులూ బోరూ (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. అప్పుడు "ఇదివరకు బోరు చేయించారా, పిస్టన్ ఏ సైజు" అని అడుగు. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్లుగా పెరుగుతాయి. ఇప్పటికే చివరి సైజులో ఉంటే తర్వాత బ్లాకు మార్చాల్సిందే. ఎడమ పక్కన హెడ్డు నుంచి కిందికి సన్నగా గలగల మంటే టైమింగ్ చైన్. ఆయిల్ మూత తీసి దానికున్న కొలత పుల్ల తుడిచి, మళ్లీ మర బిగించకుండా ఊరికే పెట్టి తీసి చూడు. తక్కువ ఆయిల్‌తో నడిచే ఇంజన్ అది, పుల్ల చివర తడి మాత్రమే ఉందంటే ఎన్నాళ్లుగా ఎండిపోయి తిరుగుతోందో. ఆయిల్ తేనెలాగా చిక్కగా జారితే శబ్దం దాచడానికి వేరే రకం పోశారని అనుమానించు.

ఈ ఇంజన్‌లో జనం పూర్తిగా మర్చిపోయే భాగం ఒకటుంది. కుడివైపు పెద్ద కవరు లోపల, క్రాంక్ చివర గుండ్రటి డబ్బాలాంటి ఫిల్టర్ ఉంటుంది. అది తిరుగుతూ ఆయిల్లో మడ్డిని బయటి అంచుకి విసిరి పట్టుకుంటుంది. అడుగున జల్లెడ కూడా ఉంటుంది. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఇవి శుభ్రం కావు, కవరు విప్పితే తప్ప. నేను విప్పిన పాత స్ప్లెండర్లలో ఆ డబ్బాలో నల్లటి మడ్డి తారులాగా గట్టిపడి, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా వచ్చింది. అది నిండిపోతే ఆయిల్లో మడ్డి నేరుగా క్యామ్‌షాఫ్ట్ దాకా పోతుంది. కొన్నాక మొదటి ఆయిల్ మార్పుతో పాటు కవరు విప్పించి ఈ రెండూ కడిగించు. కవరు గ్యాస్కెట్ ఒకటి కొత్తది కావాలి, అంతే.

ఇంజన్ ఆన్‌లో ఉండగానే హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ, పూర్తిగా కుడికీ తిప్పు. తిప్పినప్పుడు ఇంజన్ దానంతటదే రేజ్ అయితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో పట్టేస్తోంది. సందులో యూటర్న్ తీసుకునేటప్పుడు బండి దానంతటదే ముందుకి దూకుతుంది. క్లచ్ కేబుల్ లివర్ దగ్గర పోగులు విడిపోయి ముళ్లలా లేస్తే దాని పని అయిపోవచ్చింది. ట్యాంకు మూత తీసి ఫోన్ టార్చితో లోపల చూడు, ఎర్రటి తుప్పు పొర ఉంటే కార్బురేటర్ మూసుకుపోతూనే ఉంటుంది. 2023 నుంచి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. ఈ బండి తయారైన కాలపు రబ్బరు పైపులూ, కార్బురేటర్ రబ్బరు రింగులూ దాన్ని ఎక్కువ కాలం తట్టుకోలేవు. పెట్రోల్ పైపు వంచితే పగుళ్లు కనిపిస్తాయి. పైపు కొత్తది వేయించెయ్, బండిని నెలల తరబడి ట్యాంకు సగం పెట్టి వదిలెయ్యొద్దు.

61 వేల మాటకొస్తే, నేను నమ్మను. స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది, అది తెగితే మీటర్ ఆగిపోతుంది, బండి ఆగదు. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, కిక్ రాడ్ రబ్బరు, బ్రేక్ పెడల్ మీది గీతలు, తాళం కన్నం చూడు. పెడల్ నున్నగా అరిగి మెరుస్తుంటే, తాళం చెవి ఇంజన్ ఆన్‌లో ఉండగానే బయటికి వచ్చేస్తుంటే ఆ బండి 61 వేలే తిరిగిందని ఎవరు చెప్పినా పట్టించుకోకు.

ఇవన్నీ రాసేసరికి భయపడ్డావేమో. భయం అక్కర్లేదు, ఈ బండికి దొరకని భాగం లేదు. టైర్లూ ట్యూబులూ, చైన్ సెట్, కోన్ సెట్, బ్రేక్ షూలు, స్వింగ్ ఆర్మ్ బుష్షులు, కేబుళ్లు, కూలీ అన్నీ కలిపి మా షాపు లెక్కన 8 వేల దాకా అవుతుంది. ఇందులో ఎన్ని పోయాయో అక్కడే కాగితం మీద రాసి అమ్మేవాడి చేతికివ్వు. మర్యాదగా చూపించి అడిగితే చాలామంది తగ్గిస్తారు. మొత్తం పోయి ఉంటే నేనైతే 12, 13 వేలకి మించి ఇవ్వను. మిగిలిన డబ్బు బండి మీదే పెట్టు, ఇంట్లో వాడుకోకు. ఇంకో మాట, 2011 మొదట్లో రిజిస్టరైందంటే పదిహేనేళ్ల గడువు 2026 మొదటికి తీరినట్టే. ఫిట్‌నెస్ చూపించి ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేయించారో లేదో ఆర్సీలో తేదీ చూడు. చెయ్యకపోతే ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకో. బండి నీ పేరుకి మారడానికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బిచ్చే రోజే తీసుకో. ఫైనాన్స్ పేరు ఆర్సీలో ఇంకా ఉంటే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు లెటరు లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

పల్సర్ 150 మంచి బండే. కానీ మీ తమ్ముడికి ఇప్పుడే వద్దంటాను. ఆ వయసు పల్సర్‌కి ముందు డిస్క్ బ్రేకులో ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాలి, ఎన్నడూ మార్చని బండ్లే నాకు ఎక్కువ వస్తాయి. ఆ ఫ్లూయిడ్ టీ డికాక్షన్ రంగులోకి మారి, క్యాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కే భాగం) పిన్నులు తుప్పుతో పట్టేసి, ప్యాడ్ ఒక పక్కే అరుగుతుంది. అది సరిచెయ్యడానికి మీ పల్లెలో చెయ్యి తిరిగినవాడు దొరకాలి. స్ప్లెండర్ డ్రమ్ముని ఏ ఊళ్లోనైనా విప్పి సరిచేస్తారు.

వెళ్లేటప్పుడు టార్చి, పాత టూత్ బ్రష్, ఒక స్క్రూడ్రైవర్, నాలుగు మీటర్ల దారం, తుడుచుకోవడానికి గుడ్డ పట్టుకెళ్లు. టార్క్ రాడ్ నట్టు దగ్గర, బ్రేక్ ఆర్మ్ చుక్కల దగ్గర, రెండు టైర్ల అంకెల దగ్గర, మెడ కింద చాసిస్ దగ్గర ఫొటోలు తీసి నాకు పంపు. బయానా ఇచ్చేముందు పంపు. ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాత షాపు మూసి ఖాళీగానే ఉంటాను.